ఆ కేక ఎవరిది

ఏటి ఒడ్డున హోటలు పెట్టుకున్నవాడు ఏటి మీద వంతెన కట్టిస్తానని ఓట్లడగడం కన్నా విడ్డూరం ఇంకోటి ఉంటుందా? రాటా ఫ్లాట్ ఊరు ఊరంతా పడీ పడీ నవ్వింది. వైరాటా నది పొంగిందంటే అవతలికి పోవాల్సినవాళ్ళు ఇవతలే చిక్కుపడిపోతారు. చిక్కుపడ్డవాళ్ళకు పడక కావాలి, తిండి కావాలి, దాహానికి ఇంకేదో కూడా కావాలి. అవన్నీ అమ్ముకునే జేబెజ్ ట్రెంబాత్ పైకొచ్చాడు. అతనికి వరదే పంట.

"ఏం బాసూ, నీ నోట్లో నువ్వే మన్ను కొట్టుకుంటావా?" అనేవాళ్ళు గని పనివాళ్ళు, బారు బల్ల మీద మోచేతులు ఆనించి. "వంతెన వస్తే నీ హోటలు గుమ్మం తొక్కేదెవరు? ఎలుకలా?"

"ఎలుకలు మీకంటే నయం. తాగి పాటలు పాడవు," అనేవాడు జేబెజ్.

జేబెజ్ కార్న్‌వాల్ తగరపు గనుల్లో పుట్టి పెరిగిన మనిషి. బంగారం పిచ్చి పట్టి ఆస్ట్రేలియాలోని బల్లారట్ గనులకు వచ్చాడు. అక్కడ అందరికీ దొరికింది, ఇతనికి మాత్రం నడుము నొప్పి దొరికింది. సముద్రం దాటి న్యూజిలాండ్ పడమటి తీరానికి వచ్చి మళ్ళీ తవ్వాడు. అతను ఎక్కడ గొయ్యి తీసినా నీళ్ళూ బండలూ తప్ప ఇంకేం కనిపించలేదు. చివరికి విసిగిపోయి పార అవతల పారేసి, ఒక కేన్వాసు గుడారం వేసి, రెండు పీపాల మీద పలక పెట్టి బీరు పోయడం మొదలుపెట్టాడు. గుడారం చెక్క గోడలైంది, చెక్క గోడల మీద రేకుల కప్పు పడింది, ఆ పైన మేడ లేచింది. అదే ఫెర్రీ హోటలు. చెబితే నవ్వుతారు గాని, అతను చుక్క ముట్టడు. ఆదివారం పూట చాపెల్‌లో ముందు బెంచీలో కూర్చుని తాగుడు మీద ప్రసంగం బుద్ధిగా వింటాడు. సోమవారం పూట ఆ ప్రసంగం చెప్పినాయన దొంగ దగ్గు దగ్గుకుంటూ బ్రాందీ "మందు కోసం" సీసాలో పోయించుకుపోతే మాట్లాడకుండా పోస్తాడు.

భార్య కెజీయా కూడా కార్న్‌వాల్ మనిషే. ఆమె మాంసం, దుంపలు కూరి కాల్చే పాస్టీల కోసం, వానపాములంత చిట్టి చేపలతో వేసే అట్ల కోసం పది మైళ్ళు నడిచి వచ్చేవాళ్ళున్నారు. హోటలు నడిపింది ఆమే, జేబెజ్ మాట్లాడాడు. ఆ మాట ఆమె ఎదటే ఒప్పుకునేవాడు.

ఇక ఆ పడమటి తీరంలో "కేక" అంటే ఏమిటో తెలియాలి. అక్కడ కేక వెయ్యడమంటే గొంతు చించుకోవడం కాదు. బారులో ఉన్న ప్రతివాడికీ తన ఖర్చు మీద తాగబోయించడం. జేబుకి కాస్త బంగారపు పొడి తగిలినా కేక వెయ్యనివాణ్ణి మనిషిగా చూడరు. ఫెర్రీ హోటల్లో రేకుల మీద వాన హోరుకు నోటితో చెప్పినా వినబడదని జేబెజ్ ఒక పాత ఓడ గంట తెచ్చి బారులో వేలాడదీశాడు. దాని తాడు మాత్రం గోడకు కన్నం పెట్టి వెనక నడవలోకి లాగాడు, తాగినవాడెవడూ ఊరికే లాగకుండా. తాడు ఎవరు లాగితే కేక వాళ్ళది. వంటింట్లోంచి వచ్చినా, మేడ మెట్లు దిగినా ఆ నడవలోకే రావాలి.

ఆ గంటకు ఇంకో ఆచారం కూడా ఉంది. అది ఎలా వచ్చిందో ఊళ్ళో ఎవరూ నోరు విప్పి చెప్పుకోరు. జేబెజ్, కెజీయాలకు ఒక్కడే కొడుకు, పెట్రోక్. మీసాలు మొలుస్తున్న వయసులో, అవతలి ఒడ్డున ప్రసవవేదన పడుతున్న ఆవిడ కోసం మంత్రసానిని దింపి వస్తానని గుర్రం మీద వెళ్ళాడు. వెళ్ళేటప్పుడు బాగానే దాటాడు. తిరిగి వస్తుంటే నది మింగేసింది. గుర్రం వచ్చింది. వాడు రాలేదు.

ఆ మరుసటేడు ఒక స్వీడన్ వాణ్ణి అదే రేవులో మునిగిపోతుంటే ప్రాణాలతో లాగారు. జేబెజ్ నడవలోకి నడిచి, ఏడుస్తూ గంట తాడు లాగాడు. ఎందుకో ఎవరూ అడగలేదు, అందరూ తాగారు. అప్పటి నుంచీ నది ఎవరినైనా ప్రాణాలతో వెనక్కిస్తే గంట మోగుతుంది, ఆ కేక ఇంటివాళ్ళది. ఒకసారి జేబెజ్ లాగేవాడు, ఒకసారి కెజీయా. అలాంటప్పుడు ఇంకెవరూ ఎన్నడూ ఆ తాడు ముట్టుకోలేదు.

వంతెన సంగతి అక్కడి నుంచే వచ్చింది. వెల్లింగ్టన్ చట్టసభలో కూర్చుంటే తప్ప వంతెనకు దమ్మిడీ రాలదని తెలిశాక జేబెజ్ నిలబడ్డాడు. ఎదురు నిలిచినవాడు సెప్టిమస్ హాల్కెట్. నది దాటించే పంటు అతనిది, దుకాణం అతనిది, సగం ఊరు అతనికి నమస్కారం పెడుతుంది. వంతెన వస్తే ఆ పంటు కట్టెలకు తప్ప పనికిరాదు. అతను ఏనాడూ వంతెన వద్దు అనలేదు. "తొందరేముంది, చూద్దాం" అనేవాడు. అలా చూస్తూ చూస్తూనే ఎంతమంది మునిగారో.

"ఒక్కటి గుర్తుపెట్టుకోండి," అన్నాడు జేబెజ్ లాయరు ఫెనిక్, సన్నగా చువ్వలా ఉండే మనిషి. "ఓటరుకు ఉచితంగా చుక్క పోయించారని రుజువైతే ఎన్నిక చెల్లదు. మీరు పోసినా, మీ ఆవిడ పోసినా ఒకటే. పోలింగు అయ్యేదాకా మీ ఇంట్లో మంచినీళ్ళు కూడా ఉచితంగా ఇవ్వకండి."

"మంచినీళ్ళు మా దగ్గర ఎవరడుగుతారండీ?" అంది కెజీయా.

కాని ఇద్దరూ ఒట్టు పెట్టుకున్నారు. ఆ నెలంతా ఫెర్రీ హోటల్లో ఉచితంగా ఒక్క చుక్క పడలేదు.

పోలింగు నాడు వాన కుండపోత. నది ఎర్రగా, చెట్లు మోసుకుంటూ పరుగులు తీస్తోంది. హాల్కెట్ తన ఓటర్లను పంటు మీద దాటిస్తున్నాడు. వాళ్ళను కూడగట్టడానికి పెట్టుకున్న మనిషి కార్మక్ మల్క్వీన్. వీడి గురించి ఒక్క మాటలో చెప్పాలంటే పిల్లికి బిచ్చం పెట్టడు. ఎవడు కేక వేసినా ముందు గ్లాసు చాపేది వాడే. వాడు కేక వెయ్యడం మాత్రం చూసినవాడు లేడు. మధ్యాహ్నం పంటు మధ్యలో ఒక దుంగ గుద్దుకుంది. మల్క్వీన్ నీళ్ళలో పడ్డాడు.

జేబెజ్ ఆలోచించలేదు. రేవు పడవలోకి దూకాడు. తెడ్డు వేసేవాడు తామాటి, ఆ నదిని పుట్టినప్పటి నుంచీ ఎరిగిన మావోరి, ఆ గడ్డ మీద తరతరాలుగా ఉన్న జాతివాడు. ఇద్దరూ కలిసి మల్క్వీన్‌ను జుట్టు పట్టుకుని లాగారు.

"నది కూడా వీణ్ణి ఉంచుకోదు బాసూ," అన్నాడు తామాటి, రొప్పుతూ. "వీడి దగ్గర దానికేం గిట్టదు."

హోటలు వంటింట్లో పొయ్యి దగ్గర పడుకోబెట్టి ఛాతీ రుద్దితే మల్క్వీన్ అరబకెట్టు నీళ్ళు కక్కి, కళ్ళు తెరిచి, "నా టోపీ ఏది?" అన్నాడు. బతికాడని బారులో తెలిసిపోయింది. ఒక్కసారిగా అందరూ నోళ్ళు మూసుకున్నారు. రేకుల మీద వాన తప్ప చప్పుడు లేదు. అందరి కళ్ళూ గంట మీదే ఉన్నాయి.

జేబెజ్ తడిబట్టలు మార్చుకోవడానికి మేడ మీదికి వెళ్ళాడు. ఒక కాలు ప్యాంటులో పెట్టి, రెండో కాలు పెట్టబోతుంటే గంట మోగింది. బారంతా ఘొల్లుమంది. అతను ప్యాంటు ఎగలాక్కుంటూ మెట్లు దిగాడు. నడవలో అతను తాడు దగ్గరికి వచ్చేసరికి, దానికి మూరెడు దూరంలో కెజీయా నిలబడి ఉంది. చేతుల్లో గుడ్డలో చుట్టిన వేడి ఇటుకలు. చెంపల మీద కన్నీళ్ళు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఆమె ఇటుకలు పట్టుకుని మల్క్వీన్ దగ్గరికి వెళ్ళింది. అతను గుండీలు పెట్టుకున్నాడు. గోడ అవతల బారు పిల్ల హనోరా గ్లాసు మీద గ్లాసు నింపేస్తోంది.

పిడికెడు ఓట్ల తేడాతో జేబెజ్ గెలిచాడు. వారం తిరక్కుండా హాల్కెట్ దావా వేశాడు: పోలింగు నాడు ఫెర్రీ హోటలు వాళ్ళు ఓటర్లకు కేక వేశారు, ఎన్నిక రద్దు చెయ్యాలి.

ఫెనిక్ తల పట్టుకున్నాడు. తర్వాత భార్యాభర్తలిద్దరినీ వేరువేరుగా కూర్చోబెట్టి ఒకటే మాట చెప్పాడు. "గంట ఎవరు కొట్టారని ఎవరినీ అడగొద్దు. ముఖ్యంగా ఇంట్లో అడగొద్దు. మీకు తెలియని సంగతి మీ నోట్లోంచి ఎవరూ లాగలేరు."

జేబెజ్ అడగలేదు. అసలు అడగాల్సింది ఏముంది? కళ్ళారా చూశాడు. పోయిన పిల్లాడి కోసం కెజీయే కొట్టింది. కన్నతల్లి, ఆగలేకపోయింది. దానికి ఆమెను ఒక్క మాట అంటే తన నాలుక తెగ్గోసుకోవాలి. కాని బోనులో నిలబెట్టి బైబిలు మీద చెయ్యి పెట్టించి "నువ్వేనా?" అని అడిగితే ఆమె ఏం చెబుతుంది? నిజం చెబితే సీటూ పోయె, వంతెనా పోయె, తన వల్లే పోయిందని బతికినన్నాళ్ళూ కుమిలిపోతుంది. అబద్ధం చెబితే ఆ అబద్ధం ఆమెను లోపల తినేస్తుంది. ఎటు చూసినా ఆమె దెబ్బతింటుంది. అతనికి అన్నీ పోయినా సరే, ఈ ఒక్కటీ జరగకూడదు అనిపించింది.

ఆ రోజుల్లో ఆ ఇంట్లో ఇద్దరూ ఒకళ్ళతో ఒకళ్ళు ఎంత మర్యాదగా ఉన్నారంటే, చూసిన హనోరాకు భయం వేసింది.

"కాస్త రొట్టె వేసుకోవయ్యా."

"నువ్వు తిన్నావా కెజీ?"

"నాకు ఆకలి లేదు. నువ్వు తిను."

"నాకూ లేదు."

పాతికేళ్ళ కాపురంలో గిన్నెలు ఎగిరేంత పోట్లాడుకున్న మనుషులు, ఇప్పుడు ఉప్పు డబ్బా కూడా "దయచేసి" అని అందించుకుంటున్నారు. కెజీయా వంట కూడా చప్పబడిపోయింది. "బాసూ, మీ ఇంట్లో ఎవరైనా పోయారా?" అని ఒక గని పనివాడు అడిగి, అడిగాక పెట్రోక్ గుర్తొచ్చి నాలుక కరుచుకున్నాడు.

విచారణ రోజు వచ్చింది. ఊళ్ళో కోర్టు లేదు. బడిగది ఖాళీ చేసి, పంతులు కుర్చీలో క్రైస్ట్‌చర్చ్ నుంచి వచ్చిన జడ్జిగారిని కూర్చోబెట్టారు. ఇంగ్లండు నుంచి కొత్తగా దిగాడాయన. ముక్కు మీద ఇసుక ఈగలు కుట్టి అప్పటికే ఎర్రగా ఉబ్బిపోయింది. పిల్లల బెంచీల్లో గని పనివాళ్ళు మోకాళ్ళు గడ్డానికి తగిలేలా ఇరుక్కుని కూర్చున్నారు.

హాల్కెట్ తరఫు లాయరు ప్రాథరో, గొంతులో నెయ్యి పోసుకున్నట్టు మాట్లాడే మనిషి, మొదట ఒక గని పనివాణ్ణి పిలిచాడు.

"ఆ రోజు ఏం జరిగింది?"

"కేక వేశారండి."

"ఎంత పెద్దగా వేశారు?" అని అడిగాడు జడ్జి, కలం సిరాలో ముంచుతూ.

వాడు బుర్ర గోక్కున్నాడు. "బాగా పెద్దదేనండి. బారంతా సరిపోయింది. నాకు రెండు గ్లాసులు వచ్చాయి."

"గ్లాసుల్లో కేకా?"

బడిగది దద్దరిల్లింది. ప్రాథరో ఓపిగ్గా కేక అంటే ఏమిటో జడ్జికి వివరించాల్సి వచ్చింది. ఆయన ముక్కు రుద్దుకుంటూ, "మరి అలాగని చెప్పరేం?" అన్నాడు.

తర్వాత హనోరా వచ్చింది. చేతులు ఏప్రానుకు తుడుచుకుంటూనే నిలబడింది.

"గంట మోగిందా?"

"మోగిందండి."

"ఎవరు మోగించారు?"

"నేను బారులో ఉన్నానండి. తాడు నడవలో ఉంటుంది. నాకు గోడ అవతల కనబడదు కదా."

"నదిలోంచి మనిషిని లాగినప్పుడు ఆ గంట ఎవరు కొడతారు?"

హనోరా జేబెజ్ వంక, కెజీయా వంక చూసి తల దించుకుంది. "అయ్యగారో, అమ్మగారో."

"నువ్వు పోసిన గ్లాసులకు ఆ రోజు ఎవరైనా డబ్బిచ్చారా?"

"ఆ రోజు ఎవరూ ఇవ్వలేదండి."

ప్రాథరో చిరునవ్వు నవ్వాడు. హాల్కెట్ కాలు మీద కాలు వేసుకున్నాడు. ఫెనిక్ మాత్రం చేతిగోళ్ళు చూసుకుంటున్నాడు.

"కెజీయా ట్రెంబాత్‌ను పిలవండి."

ఆమె తన నల్ల చాపెల్ దుస్తుల్లో వెళ్ళి నిలబడింది. బైబిలు మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేసింది. జేబెజ్ ఆ చేతినే చూస్తున్నాడు. వంతెన కళ్ళ ముందు కొట్టుకుపోతున్నట్టే ఉంది. పోనీ, పోతే పోనీ అనుకున్నాడు.

"అమ్మా, సూటిగా అడుగుతాను," అన్నాడు ప్రాథరో. "ఆ గంట కొట్టింది..."

"నేనే!" అన్నాడు జేబెజ్, బెంచీ వెనక్కి పడేలా లేచి.

"నేనేనండి," అంది కెజీయా, సరిగ్గా అదే క్షణాన.

ఫెనిక్ రెండు చేతుల్లో ముఖం దాచుకున్నాడు. కెజీయా మొగుడి వంక తిరిగింది.

"ఏమయ్యా, నీకు మతి పోయిందా? నోరు మూసుకుని కూర్చోక!"

"నువ్వెందుకు ఒప్పుకున్నావే? నేను చూసుకుంటాను గదా!"

"సీటు ఎలాగూ పోతుంది, నువ్వు కొట్టింది నేను ఒప్పుకుంటే ఆ తప్పు నాదవుతుంది, నా పాపం. నీ పేరు చెడకూడదు!"

"నేను కొట్టడమేంటి?" అన్నాడు జేబెజ్. "నేను మేడ మీద ప్యాంటు వేసుకుంటుంటే..."

అక్కడ ఆగిపోయాడు. కెజీయా అతని వైపు ఒక అడుగు వేసింది.

"నువ్వు కాదా?" అంది.

"నువ్వు కాదూ?"

"నేను ఇటుకల కోసం పెరట్లో రొట్టెల పొయ్యి దగ్గరికి వెళ్ళాను. గంట విని పరిగెత్తుకొచ్చేసరికి నువ్వు తాడు దగ్గర ఉన్నావు!"

"నేను వచ్చేసరికి నువ్వు ఉన్నావు!"

"ఈ కోర్టులో ఎవరైనా నాతో మాట్లాడతారా?" అని అరిచాడు జడ్జి, బల్ల గుద్ది. "మీరిద్దరూ కొట్టారు, ఇప్పుడు ఇద్దరూ కొట్టలేదు. ఏది నిజం? మీలో ఒకరు ప్రమాణం చేసి ఉన్నారని గుర్తుందా?"

వెనక బెంచీలోంచి ఎవరో గట్టిగా ఈలవేశారు. ఆ సందట్లో ఒక గొంతు, ఉక్రోషంతో వణుకుతూ, పైకి లేచింది.

"ఇదేం అన్యాయమండీ జడ్జిగారూ! పట్టపగలు దోపిడీ కాదా ఇది?"

కార్మక్ మల్క్వీన్. హాల్కెట్ తరఫు సాక్షిగా, తనకూ ఒక గ్లాసు ఉచితంగా ఇచ్చారని చెప్పడానికి తెచ్చిపెట్టుకున్న మనిషి. టోపీ నలిపేస్తూ నిలబడ్డాడు.

"పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచీ నేనెవడికీ ఒక్క చుక్క పోయించిన పాపాన పోలేదు. ఊరంతా పిసినారోడంటుంది. అననివ్వండి, నిజమే. జన్మానికల్లా ఒక్క కేక వేశాను. ఒక్కటి! దాన్ని కూడా ఈ మొగుడూ పెళ్ళాలు నాదంటే నాదని లాక్కుంటారా?"

హాల్కెట్ కాలు కిందికి దిగింది.

"నువ్వా?" అన్నాడు ప్రాథరో. ఆ గొంతులో నెయ్యి గడ్డకట్టింది.

"నేనే. నీళ్ళలోంచి బయటపడ్డది ఎవరు? మీరా, నేనా? వంటింట్లో దుప్పటి కప్పి పడుకోబెట్టి అందరూ తలో దిక్కూ పోయారు. పక్కగదిలో అంతమంది ఉన్నారు, ఒక్కడూ కిక్కురుమనడం లేదు. ఎందుకో నాకు తెలుసు. గంట కోసం చూస్తున్నారు. ఓట్ల భయానికి ఈ ఇంటివాళ్ళు కొట్టరని కూడా తెలుసు. నన్ను లాగినవాడేమో నా పార్టీ కాదు, నేను అతని ఓటర్లను ఎత్తుకుపోతున్నవాణ్ణి. అయినా లాగాడు." వాడు ముక్కు చీదుకున్నాడు. "నాకేదో అయిపోయిందండి. లేచి నడవలోకి వెళ్ళి తాడు లాగాను. వెంటనే సిగ్గేసి మళ్ళీ వచ్చి దుప్పటి కప్పుకున్నాను."

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"ఎవరడిగారు? మీరు నన్ను అడిగింది ఒకటే, తాగావా అని. తాగానన్నాను. నా గ్లాసు నేను తాగకపోతే ఎవడు తాగుతాడు?" అని హాల్కెట్ వంక ఓరగా చూసి, "ఆయనకు తెలిస్తే నన్ను బతకనిస్తాడా మరి," అన్నాడు.

ప్రాథరో గబుక్కున అందుకున్నాడు. "కొట్టావు సరే. డబ్బు కట్టావా? బారు పిల్ల ఎవరూ ఇవ్వలేదంది!"

"ఆ రోజు ఇవ్వలేదన్నానండి," అంది హనోరా, లేచి నిలబడి. ముఖం చెవుల దాకా ఎర్రబడింది. "మర్నాటి సంగతి మీరు అడగలేదు. మర్నాడు పొద్దున్నే వంటింటి గుమ్మం దగ్గరికొచ్చి, నా గుప్పెట్లో బంగారు కాసులు పోసి, మాటా పలుకూ లేకుండా వెళ్ళిపోయాడు."

"ఆ డబ్బు అమ్మగారికి ఎందుకివ్వలేదు?" అన్నాడు జడ్జి.

హనోరా ఏప్రాను మెలిపెట్టింది. "తాగుడు డబ్బని నాకేం తెలుసండీ? మల్క్వీన్ ఇంకొకళ్ళకు డబ్బివ్వడం ఎవరైనా చూశారా? నన్ను పెళ్ళాడతానని బయానా ఇచ్చాడనుకున్నాను. నా పెట్టెలో దాచాను. నోరు విప్పి అడుగుతాడని అప్పట్నించీ చూస్తున్నాను."

ఇక ఆ బడిగదిలో ఎవరినీ ఆపడం ఎవరి తరమూ కాలేదు. నవ్వి నవ్వి ఒక బెంచీ విరిగింది. "ఒరే మల్క్వీనూ, ఒప్పేసుకోరా! ఒకే డబ్బుకు కేకా, పెళ్ళీ రెండూ అయిపోతాయి!" అని ఎవడో అరిచాడు. మల్క్వీన్ హనోరా వంక మొదటిసారి సరిగ్గా చూశాడు. చూసి, టోపీ నెత్తిన పెట్టుకుని, మళ్ళీ తీసేశాడు.

నవ్వు సద్దుమణిగాక జడ్జి కలం కింద పెట్టాడు.

"మల్క్వీన్, నువ్వు ఎవరి తరఫున ఓటర్లను కూడగట్టావు?"

"హాల్కెట్ గారి తరఫునండి."

"అయితే పోలింగు నాడు ఓటర్లకు తాగబోయించింది దావా వేసినాయన మనిషే అన్నమాట. మీ మనిషి చేసినదానికి ఆయన గెలిచిన ఎన్నికను నేనెలా రద్దు చెయ్యను హాల్కెట్ గారూ?" ఆయన ముక్కు గోక్కుని, జేబెజ్ వైపూ కెజీయా వైపూ చూశాడు. "చెయ్యని నేరాన్ని ఒప్పుకుని కోర్టును ఏమార్చినందుకు మీ ఇద్దరినీ లోపల వెయ్యొచ్చు. కాని నాకు ఈ ఊళ్ళో దొరికిన ఏకైక మంచి భోజనం మీ ఇంట్లోనే. దావా కొట్టివేశాను. పొండి."

జేబెజ్‌ను బయట జనం భుజాల మీద ఎత్తుకున్నారు. ఎంతసేపు ఊపారో, ఏం అరిచారో అతనికి తెలియలేదు. ఎలాగో వాళ్ళ చేతుల్లోంచి జారి, హోటలు వెనక దారిన వంటింట్లోకి దూరాడు. కెజీయా చాపెల్ దుస్తుల మీదే ఏప్రాను కట్టుకుని పిండి కలుపుతోంది. అతను బల్ల దగ్గర కూలబడ్డాడు. ఇన్ని వారాలుగా గుండె మీద కూర్చున్న బండ ఏదో ఒక్కసారి దిగిపోయింది. నవ్వొచ్చింది. ఆమెకూ వచ్చింది. పిండి చేతులతోనే ముఖం కప్పుకుని పగలబడి నవ్వింది.

"చాపెల్ పెద్దమనిషివి. నిండు కోర్టులో ఎంత పచ్చి అబద్ధం ఆడావయ్యా!"

"నువ్వు బైబిలు మీద చెయ్యి పెట్టి మరీ ఆడావు."

"నీ కోసం ఆడానులే."

"నేను మాత్రం పక్కింటివాడి కోసం ఆడానా?"

కాసేపటికి నవ్వు ఆగింది. ఆమె మళ్ళీ పిండి మీదికి వంగింది. వంగి, అతని వంక చూడకుండా అంది:

"ఇటుకల కోసం వెళ్ళేముందు నేను ఆ తాడు మీద చెయ్యి వేశాను. నీ సీటు గుర్తొచ్చి తీసేశాను. గంట మోగాక నువ్వే కొట్టావనుకున్నాను. సీటు పోతుందని భయం వేసింది గాని, లోపల ఎంత మురిసిపోయానో తెలుసా? ఈ మనిషికి అన్నిటికంటే మన పిల్లాడే ఎక్కువ, నేనే ఆగిపోయాను, ఈయన ఆగలేదు అనుకున్నాను."

జేబెజ్ బల్ల మీద పడ్డ పిండిని వేలితో తుడిచాడు.

"నేను మేడ మీద మంచం మీద కూర్చుని ఓట్లు లెక్కపెట్టుకున్నాను కెజీ. దిగి వచ్చి కొడదామా వద్దా అని. లెక్కపెట్టి, వద్దనుకున్నాను. గంట మోగితే, పోనీలే, వాడి అమ్మ ఆగలేదు, మా ఇద్దరిలో ఒకళ్ళైనా ఆగలేదు అనుకున్నాను. నాకూ ఎంత హాయిగా అనిపించిందో."

"ఇద్దరం ఆగిపోయాం," అందామె.

"ఇద్దరం ఆగిపోయాం."

ఆమె కళ్ళు తుడుచుకుంది. చెంప మీద పిండి అంటుకుంది. "ఇవాళ మాత్రం ఆగలేదు కదా నువ్వు. అన్నీ పోతాయని తెలిసే లేచావు."

"నువ్వూ లేచావుగా."

"నేను లేవడమేంటి, నన్ను ముందే నిలబెట్టారు." ఆమె బల్ల చుట్టూ తిరిగి వచ్చి, పిండి చేతులు అతని భుజాల మీద వేసింది. "జేబెజ్, వెల్లింగ్టన్ వెళ్ళు. వెళ్ళి ఆ వంతెన కట్టించు. ఈ హోటలు మూతపడినా సరే. ఇంకెవరి కోసమూ ఆ తాడు లాగక్కర్లేకుండా కట్టించు."

"కట్టిస్తాను," అన్నాడు జేబెజ్.